శరణార్థికి తోడు పోయేటప్పుడు
(కార్యకర్తల సమావేశంలో ప్రసంగ పాఠం)



హైదరాబాదు బాలాపూర్‌లో రోహింగ్యాలు గుడిసెలేసుకుని బతుకుతున్నారు. 1982లో బర్మా ప్రభుత్వం తెచ్చిన పౌరసత్వ చట్టం వాళ్లను పుట్టిన గడ్డ మీదే పరాయివాళ్లను చేసింది. 2017లో సైన్యం ఊళ్లకు ఊళ్లు తగలబెడితే ఏడు లక్షల మందికి పైగా బంగ్లాదేశ్‌కు పారిపోయారు. వెలివేసిన బతుకు ఎట్లుంటదో మనకు ఒకరు చెప్పాల్నా?

1951 శరణార్థుల ఒప్పందం మీద మన దేశం సంతకం పెట్టలేదు. అందుకే ఢిల్లీలోని ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థే వీళ్ల గోడు విని, శరణార్థి అవునో కాదో తేలుస్తుంది. కార్డు వచ్చినా పోలీసులు పట్టుకోరన్న హామీ లేదు. అయినా చేతిలో ఉన్న ఆధారం అదొక్కటే.

అక్కడ ఇంటర్వ్యూకు పోయేవాళ్లకు మేము చెప్పేది ఇది. కథ కట్టొద్దు. 'ఇట్లా చెప్తే కార్డొస్తది' అని పైసలడిగే దళారిని నమ్మొద్దు, ఆ సంస్థ పైసా తీసుకోదు. నేర్పిన మాట రెండో ప్రశ్నకే తెగిపోతది. ఏ ఊరు, ఏం జరిగింది, ఎవరు చేశారు, ఏ దారిన వచ్చారు, తిరిగిపోతే ఏమైతది - ఈ వరసలో గుర్తు చేసుకోవాలె. తేదీ తెలియకపోతే రంజాన్‌కు ముందా, వెనకా చెప్పాలె. తెల్వనిది తెల్వదనాలె. దుబాసీ మాట అర్థం కాకపోతే తలూపొద్దు, అక్కడే చెప్పాలె. ఆడవాళ్లు ఆడ అధికారిని అడగొచ్చు. ఉన్న కాగితాలన్నీ తీసుకుపోవాలె. లేకపోతే ఎందుకు లేవో చెప్పాలె. ఇల్లు కాలుతుంటే పరిగెత్తినోడు పట్టా కాగితం వెతుక్కుంటడా?

ఇంత జాగ్రత్త ఎందుకంటారా? చుండూరును గుర్తు తెచ్చుకోండి. 1991 ఆగస్టు 6న 8 మంది మన బిడ్డల్ని నరికి చంపారు. 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేసింది. 2014లో హైకోర్టు సాక్ష్యం చాలదని అందర్నీ వదిలేసింది. సాక్షులు అబద్ధమాడారా? లేదు! కానీ కళ్ల ముందు చావు చూసినవాడి మాట తడబడితే, ఆ తడబాటునే పట్టుకుంటారు. నిజం ఉంటే చాలదు, అడిగినవాడి ముందు నిలబడి చెప్పగలగాలె.

కాబట్టి తోడు పోయే మిత్రులారా, ముందురోజు వాళ్ల పక్కన కూర్చొని ఓపిగ్గా ఒకసారి వినండి. దిద్దొద్దు, మన మాట కలపొద్దు. ఏడిస్తే ఆగండి, నీళ్లివ్వండి. లోపల మాట్లాడాల్సింది వాళ్లే. మనం బయట కూర్చుందాం, వచ్చేదాకా కూర్చుందాం.

జై భీమ్!