అనాస తల పారేయకండి

 

ఈ రోజు ఒక మొక్క గురించి మాట్లాడుకుందాం. ఆ మొక్క ఇక్కడ ఎక్కువ మందికి తెలియదు. దాని పండు మాత్రం అందరికీ తెలుసు. అదే అనాస పండు. పైనాపిల్ అని కూడా అంటారు.

జగ్గయ్యపేట బజారులో, నందిగామ సెంటరులో బండి మీద అనాస పండ్లు అమ్ముతారు. బండి అతను పండు తల తీసి పక్కన పడేస్తాడు. ముక్కలు కోసి, ఉప్పు కారం చల్లి ఇస్తాడు. ముక్కలు పిల్లలు తింటారు. తల చెత్తకుప్పలోకి పోతుంది. ఆ తలే మొక్క! దాన్ని నాటితే బతుకుతుంది. మళ్లీ పండు ఇస్తుంది.

అనాసది పెద్ద కుటుంబం. ఆ కుటుంబం పేరు బ్రొమీలియడ్. ఇది కొత్త మాట. కూడబలుక్కుని చదవండి. బ్రొ-మీ-లి-యడ్. ఈ కుటుంబంలో 3,000కు పైగా రకాల మొక్కలు ఉన్నాయి. ఒక్క రకం తప్ప అన్నీ అమెరికా ఖండాలలోనే పుట్టాయి. ఆ ఒక్కటి ఆఫ్రికాలో ఉంది.

అనాసను పోర్చుగీసు వాళ్లు 16వ శతాబ్దంలో ఓడల మీద మన దేశానికి తెచ్చారు. మిరప కూడా అలా వచ్చిందే. ఇప్పుడు మిరప లేని నందిగామ చేలు ఉంటాయా? దూరం నుంచి వచ్చిన మొక్క కూడా దాని గుణం తెలిసి పెంచితే మన సొంతం అవుతుంది.

మన రాష్ట్రంలో సీతంపేట కొండల మీద గిరిజన రైతులు అనాస పండిస్తారు. సీతంపేట 2022 దాకా శ్రీకాకుళం జిల్లాలో ఉండేది. ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది. అక్కడ నేల వాలుగా ఉంటుంది. వాన నీళ్లు నిలవకుండా జారిపోతాయి. అనాసకు అదే కావాలి. వేళ్ల దగ్గర నీళ్లు నిలిస్తే మొక్క కుళ్లిపోతుంది.

మరి మన మెట్ట ఊళ్లలో ఎలా? ఇక్కడ చాలా చోట్ల నల్లరేగడి నేల. వానాకాలం కాలు పెడితే దిగబడుతుంది. జగ్గయ్యపేట వైపు భూమిలో సున్నపురాయి ఎక్కువ. అందుకే అక్కడ సిమెంటు ఫ్యాక్టరీలు వచ్చాయి. ధనంబోడు బౌద్ధ స్తూపానికి చెక్కిన పలకలు కూడా సున్నపురాయివే. ఆ రాయి ఇళ్లకు మంచిది, శిల్పాలకు మంచిది. అనాసకు మాత్రం పడదు. సున్నం ఎక్కువైతే మొక్కకు ఇనుము సరిగా అందదు. ఆకులు పాలిపోతాయి.

అందుకని నేలలో వద్దు. కుండీలో పెట్టండి. కుండీ కొననక్కరలేదు. పాత బకెట్టు చాలు. అడుగున నాలుగైదు చిల్లులు పెట్టండి. రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు ఇసుక, ఒక పాలు బాగా మాగిన పశువుల ఎరువు కలిపి నింపండి.

ఇప్పుడు నాటే పద్ధతి చూద్దాం.

పచ్చగా ఉన్న తలను ఎంచుకోండి. మధ్యలో మొవ్వు దెబ్బతినకూడదు. దాన్ని చేత్తో మెలితిప్పితే ఊడి వస్తుంది. అంటుకున్న కండ అంతా తీసేయండి. కండ ఉంటే కుళ్లుతుంది. అడుగున అంగుళం మేర ఆకులు ఒలిచేయండి. అక్కడ చిన్న చిన్న గోధుమరంగు చుక్కలు కనిపిస్తాయి. వేళ్లు వచ్చేది అక్కడి నుంచే. మూడు నాలుగు రోజులు నీడలో ఆరనివ్వండి. తర్వాత అంగుళం లోతున నాటండి. మొవ్వులో మట్టి పడనివ్వకండి. రెండు నెలలకు మెల్లగా లాగి చూడండి. ఊడి రాకపోతే వేళ్లు పట్టినట్టే.

నీళ్ల కోసం భయపడకండి. చాలా మొక్కలు పగలు ఆకుల్లోని సన్నటి రంధ్రాలు తెరుస్తాయి. ఎండకు ఆ దారిన నీరు ఆవిరైపోతుంది. అనాస అలా కాదు. ఎండ వేళ వాటిని మూసుకుంటుంది. రాత్రి చల్లబడ్డాక తెరుస్తుంది. ఇంట్లో నీళ్లు పొదుపుగా వాడే ఇల్లాలి లాంటిది అది. వేసవిలో మూడు రోజులకు ఒకసారి చెంబెడు నీళ్లు చాలు. మిగతా రోజుల్లో మట్టి ఆరితేనే పోయండి. బోరు నీళ్లు కాచిన గిన్నెకు తెల్లటి పెచ్చు కడుతుంది కదా. అందులో సున్నం ఉంటుంది. కాబట్టి వాన నీళ్లు దొరికితే అవే మంచివి. ఇక్కడ వేసవిలో ఎండ 45 డిగ్రీల దాకా పోతుంది. ఆ రెండు నెలలు కుండీని వేపచెట్టు నీడకు మార్చండి. పొద్దుటి ఎండ తగిలితే చాలు.

ఇప్పుడు అసలు మాట. కుండీ మీద నాటిన తేదీ రాయండి. రోజు, నెల, సంవత్సరం. సున్నంతో రాసినా సరే. మీ చేత్తో మీరే రాయండి. ఎందుకంటే అనాసకు ఓపిక కావాలి. తల నాటితే పండు చేతికి రావడానికి రెండేళ్లు పట్టవచ్చు. ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది.

ఒక కోడలు నాటింది అనుకుందాం. ఏడాది గడిచింది. పువ్వు లేదు.

"ఏమే అమ్మాయ్, ఆ గడ్డి దుబ్బుకు ఎన్నాళ్లు నీళ్లు పోస్తావు? పీకి పారెయ్" అంటుంది అత్తగారు.

తేదీ రాసి ఉంటే కోడలు చూపిస్తుంది. "ఇంకా ఏడాదే అయింది అత్తయ్యా. ఇంకో ఏడాది ఆగుదాం" అంటుంది. రాత లేకపోతే నోటి లెక్కలే మిగులుతాయి. మొక్క పెంటకుప్ప మీదికి పోతుంది.

రెండేళ్లు దాటినా పువ్వు రాలేదా? ఒక ఉపాయం ఉంది. పచ్చికాయల మధ్య ఒక మగ్గిన పండు పెడితే కాయలన్నీ త్వరగా మగ్గుతాయి. మగ్గే పండు నుంచి వచ్చే వాయువే అందుకు కారణం. ఆ వాయువు అనాసకు పూత కూడా తెప్పిస్తుంది. బాగా మగ్గిన ఆపిల్ పండు మొక్క పక్కన పెట్టి, రెండూ కలిపి కవరు కప్పండి. ఎండ తగలని చోట నాలుగైదు రోజులు ఉంచి తీసేయండి. ఎదిగిన మొక్క అయితే కొన్ని వారాలకు మొగ్గ కనిపించవచ్చు.

పూత చూడ ముచ్చటగా ఉంటుంది. ఊదా రంగు చిన్న పువ్వులు ఒక్కొక్కటిగా విచ్చుకుంటాయి. పండు మీద ఉండే ఒక్కొక్క కన్ను ఒక్కొక్క పువ్వే. అవన్నీ కలిసి ఒకే పండు అవుతాయి. పూసిన ఐదారు నెలలకు పండు పండుతుంది. తల్లి మొక్క ఒక్కసారే కాస్తుంది. అరటి లాగే పిలకలు పెట్టి పోతుంది. ఆ పిలకలు నాటుకోవచ్చు.

ఈ కుటుంబంలో అందం కోసం పెంచే మొక్కలు కూడా ఉన్నాయి. ఎర్రటివి, పసుపువి, చారలవి నర్సరీల్లో అమ్ముతారు. అడవిలో వీటిలో చాలా రకాలు చెట్ల కొమ్మల మీద బతుకుతాయి. బదనిక లాగా చెట్టు రసం తాగవు. కొమ్మను పట్టుకుని కూర్చుంటాయి, అంతే. కొన్నింటి ఆకులు మధ్యలో గిన్నెలా ఉంటాయి. అందులో వాన నీళ్లు దాచుకుంటాయి. అక్కడి అడవుల్లో ఆ నీళ్లలో చిన్న కప్పలు కూడా కాపురం ఉంటాయి.

మన ఇంట్లో అయితే ఆ నీళ్లలో దోమలు కాపురం పెడతాయి. డెంగీ దోమకు మంచి నీళ్లే ఇష్టం. కాళ్ల మీద తెల్ల చారలు ఉంటాయి. పగటి పూట కుడుతుంది. గుడ్డు నుంచి దోమ కావడానికి వారం పది రోజులు చాలు. మొక్క గిన్నె, కుండీ కింది పళ్లెం, నీళ్ల తొట్టి, ఏదైనా దానికి ఒకటే. అందుకని ప్రతి శుక్రవారం మొక్క గిన్నెలో నీళ్లు వంచి కొత్త నీళ్లు పోయండి. పళ్లెం, తొట్టి తోమి ఆరబెట్టండి. ఆరిన తొట్టికి కూడా దోమ గుడ్లు అంటుకుని ఉంటాయి. తోమితేనే పోతాయి. కుండీ పక్క గోడ మీద శుక్రవారం అని రాసుకోండి. అందం కోసం పెంచిన మొక్క పిల్లలకు జ్వరం తేకూడదు కదా.

అమ్మలారా! ఈసారి పండు కొన్నప్పుడు తల అడిగి తెచ్చుకోండి. నాటండి. తేదీ రాయండి. రెండేళ్ల తర్వాత పండు కోసిన రోజున రెండో తేదీ కూడా రాయండి. ఒక పిలక పక్కింటి వదినకు ఇవ్వండి. ఆమె చేత కూడా ఆమె కుండీ మీద తేదీ రాయించండి.