చేతి గడియారానికి ఆకలి

మేము రైల్వే గుమాస్తాలము. చదువు మెట్రిక్యులేషనుతో సరి. తప్పులుంటే మన్నించండి.

1961లో బెంగుళూరులో హెచ్.ఎం.టి. గడియారాల తయారీ ఆరంభమైంది. మా నాన్నగారిది ఆ రకమే. పొద్దున్నే కీ ఇస్తే మరునాటి వరకు నడిచేది. ఆయన గుండె నీరసించాక, నాడి చూసే కొత్త గడియారం కొన్నాము. అది చర్మంలోకి ఆకుపచ్చ కాంతిని పంపి, నెత్తురు పోటునుబట్టి తిరిగివచ్చే వెలుగులోని హెచ్చుతగ్గులు లెక్కిస్తుంది. అడుగులు లెక్కపెట్టే సెన్సారు మితాహారి. ఆ దీపమూ, ఫోనుకు కబురంపే రేడియోయే తిండిపోతులు. అందుకని దీపాన్ని ఆగి ఆగి వెలిగిస్తారు. ఆ నడుమ నాడి తప్పితే దానికి తెలియదు. పెద్ద బ్యాటరీ పెడదామంటే మణికట్టు ఎంత!

ఒంటి వేడితో నడపరాదా? 1998లో జపానులో సైకోవారు అలాంటి గడియారం చేశారు కూడా. కాని కరెంటు పుట్టాలంటే ఒంటికీ గాలికీ వేడిలో తేడా ఉండాలి. మన బెజవాడ ఎండల్లో ఆ తేడా ఎక్కడిది?

నాన్నగారు రాత్రిపూట గడియారం విప్పి చార్జింగు పెట్టేవారు. ఒక రాత్రి ఆయాసం వచ్చినప్పుడు అది గూటిలో ఉంది. అమ్మకు మెలకువ వచ్చింది గనుక సరిపోయింది. ఇప్పుడు ఆయన స్నానం, భోజనం అయ్యేలోగా చార్జింగు పెట్టి, పడుకోబోయే ముందు మేమే చేతికి కడుతున్నాము.