రాయిలాంటి ఎముక, పాత నాణెం

మా గురువుగారి పేరున జరిగే ఈ ఉపన్యాసానికి మొజంజాహీ మార్కెట్‌కు ఇంత దగ్గరలో హాలు దొరకడం నాకు సంతోషం. కారణం చివర్లో చెబుతాను.

ఇక్కణ్ణుంచి ఉస్మాన్‌గంజ్ మీదుగా నడిస్తే అఫ్జల్‌గంజ్ వస్తుంది. 1888, 1889లలో హైదరాబాదు క్లోరోఫారం కమిషన్లు నడిపిన ఎడ్వర్డ్ లారీ అక్కడి డాక్టరే. క్లోరోఫారం మత్తు ముందు ఊపిరినే ఆపుతుంది, గుండెను కాదని ఆయన పట్టు. ఆ వాదం తర్వాత నిలవలేదు. అయినా మత్తిచ్చేటప్పుడు ఊపిరి మీద కన్నేసి ఉంచడం తప్పెలా అవుతుంది? మత్తివ్వడంలో తొలి మహిళల్లో ఒకరైన రూపాబాయి ఫర్దూన్‌జీ లారీ దగ్గర నేర్చుకున్నావిడే.

మత్తు కుదిరినా, మెదడు దాకా కత్తి రావడానికి చాలాకాలం పట్టింది. 1949లో వెల్లూరులో జేకబ్ చాండీ, మరుసటేడు మద్రాసులో బి. రామమూర్తి న్యూరోసర్జరీ మొదలుపెట్టారు. మన వైపు విశాఖలో బాలపరమేశ్వరరావుగారు.

ఆ కత్తికి మన నేల మీద ముఖ్యంగా ఎదురైన జబ్బొకటుంది. ఫ్లోరోసిస్. 1937లో షార్ట్ బృందం నెల్లూరు జిల్లా రోగుల గురించి రాసింది. 1955లో సిద్దిఖీ నల్గొండ సంగతి లోకానికి చెప్పాడు. ఏళ్లతరబడి ఫ్లోరైడు ఎక్కువున్న బావినీళ్లు తాగిన మనిషి వెన్ను కర్రలా బిగుసుకుపోతుంది. ఎముక మందమై, లిగమెంట్లు గట్టిపడి, వెన్నుపామును నొక్కుతాయి. ఆ వెన్నుపూస తెరవడమంటే ఏనుగుదంతాన్ని తొలవడమే. డ్రిల్లు మొన, అంటే బర్, మొద్దుబారుతుంది, మార్చాలి. చల్లనీళ్లు పోస్తూనే ఉండాలి. మెడ వంగదు కాబట్టి గొంతులో గొట్టం వేయడానికే మత్తు డాక్టరుకు చెమటలు పడతాయి. ఎముక పొర పల్చబడ్డాక చెయ్యి ఒక్క వెంట్రుకవాసి జారిందా, కాళ్లు పోతాయి.

దీనిమీద దశాబ్దాలు పనిచేసి రాసినవారు డి. రాజారెడ్డిగారు, నిమ్స్ డైరెక్టరుగానూ చేశారు. ఆయనకు పాత నాణేల పిచ్చి. శాతవాహనుల నాణేల మీద పరిశోధన చేశారు. డాక్టర్ల మానసిక ఆరోగ్యమని ఇప్పుడు వర్క్‌షాపులు పెడుతున్నారు, పెట్టనివ్వండి. కానీ అరిగిపోయిన సీసపు బిళ్ల మీద అక్షరం వెతికేవాడికి తొందర ఉండదు, రోగి చస్తాడన్న భయమూ ఉండదు. ఆ రెండూ లేని బల్ల సర్జనుకు ఇంకొకటి కావాలని నా నమ్మకం.

మా గురువుగారికి నాణేలు లేవు. ఒక ఆసుపత్రిలో నేను తోడున్న ఆపరేషన్ తర్వాత రోగి కాళ్లు కదల్లేదు. డ్రిల్లు నా చేతిలోనే ఉంది. సాయంత్రం నన్ను ఆటో ఎక్కించి మొజంజాహీ మార్కెట్లో దించారు. "సీతాఫలం వచ్చిందా?" అని ఐస్‌క్రీం కొట్టువాణ్ణి అడిగారు. రెండు కప్పులు తిన్నారు. నా కప్పు కరిగిపోతుంటే, "తినవయ్యా, గింజలు తీసేసే ఉన్నాయి" అన్నారు. ఆపరేషన్ మాటే ఎత్తలేదు.

మర్నాడు రౌండ్సులో నోట్సు నా చేతికిచ్చి, "ఎక్కడ ఆగాల్సిందో నీ చేత్తోనే రాయి" అన్నారు. రాశాను.