పడవ నుండి కారునకు వచ్చిన యింజనులు

బావికడ నీరు తోడిన ఆయిలింజనును పిదప బియ్యపుమరకు బిగించి నడిపించుట మీలో పెక్కుమంది చూచియే యుందురు. అట్లు చోటు మార్చునపుడు ఇంజనుకంటె దాని చుట్టునుండు సరంజామాయే మనల నెక్కువగా బాధించును. ఇందులకు తార్కాణముగా ఇంగ్లండులో నిర్మింపబడిన కారు నొకదానిని గూర్చి చెప్పెదను.

భూమిపై నందఱికంటె వేగముగా పోవలెనని జాన్ కాబ్ అను నాతడు, రీడ్ రైల్టన్ అను ఇంజనీరుచేత ఆ కారును రూపొందింపజేసెను. అది 1938లో పరుగునకు సిద్ధమయ్యెను. అందలి యింజనులు రెండును క్రొత్తవి కావు. పడవపందెములలో పేరుగాంచిన మారియన్ కార్‌స్టెయిర్స్ అను వనిత, తన పడవలో వాడిన నేపియర్ లయన్ యింజనులను కాబునకు కానుకగా నొసగెను. ఈ జాతి యింజను మొదట విమానములకై పుట్టినది. పండ్రెండు సిలిండర్లు, నాలుగేసి చొప్పున మూడు వరుసలుగా నుండును. ఇవి ఒక్కొక్కటి వేయి గుఱ్ఱముల బలమునకు మించినవి.

చిక్కంతయు చల్లార్చుటకడ వచ్చినది. పడవకు చుట్టునున్న నీరే కలదు. ఎంత తోడినను తఱుగదు. కారున కా భాగ్యమేది? రేడియేటరు పెట్టినచో దానిలో దూరు గాలియే వేగమునకు అడ్డుపడును. అందుచే రైల్టన్ రేడియేటరును విడిచి, మంచుగడ్డలు వేసిన నీటితొట్టి నమర్చెను. పరుగు కొలదిసేపటిదే గనుక అది చాలెను. సంతకు పోయి వచ్చు కారున కీ యుపాయము పనికిరాదని వేఱుగ చెప్పనక్కఱలేదు! ఇక రెండింజనులను ఒకే యిరుసునకు కట్టక, ఒకటి ముందు చక్రములను, రెండవది వెనుక చక్రములను త్రిప్పునట్లు చేసెను. నాకు మిక్కిలి నచ్చినది పైతొడుగు. దానిని గాదెమూతవలె ఒక్కపెట్టున పైకెత్తి తీయవచ్చును. పోవు పరుగును, తిరుగు పరుగును ఒక గంటలోపల ముగియవలెనని నియమము గలదు. మంచును, ఇంధనమును ఆ నడుమనే నింపుకొనవలెను గదా.

కాబ్ 1938లోను, 1939లోను ఆ కారుతో ప్రపంచములో మేటివేగమును సాధించెను. యుద్ధము ముగిసిన పిదప, 1947 సెప్టెంబరు 16న, అమెరికాలోని యూటా రాష్ట్రమున బాన్నెవిల్ ఉప్పుపఱ్ఱపై గంటకు 394 మైళ్ల సగటున పోయెను. ఒక దిక్కు పరుగున 400 మైళ్లు దాటెను. పడవలో నలిగిన ఆ ప్రాత యింజనులు అతనిని మూడుమాఱులును క్షేమముగా దించినవి.

1952 సెప్టెంబరు 29న స్కాట్లండులోని లాక్ నెస్ సరస్సుపై అతడు మరణించెను. అప్పుడు నడుపుచుండినది క్రొత్తగా కట్టించిన జెట్ పడవ.