ఎర్రకోట మీది మాట - బడిల నల్లా
(ఉపాధ్యాయుల సభలో చేసిన ప్రసంగం)

2014 ఆగస్టు 15న ఎర్రకోట మీదికెల్లి ప్రధాని మోదీ ఒక మాట చెప్పిండు. ఏడాది తిరిగేసరికి ఆడపిల్లలకు వేరే మరుగుదొడ్డి లేని బడి ఉండొద్దన్నడు. మంచి మాట. నేనూ చప్పట్లు కొట్టిన.

2015ల లెక్క జెప్పిండ్రు: 2.61 లక్షల బళ్లు, 4.17 లక్షల మరుగుదొడ్లు, పని పూర్తి!

మరి 2020ల కాగ్ ఏం చెప్పింది? ప్రభుత్వరంగ సంస్థలు కట్టినవాటిల కొన్నింటిని తనిఖీ చేస్తే, 72 శాతం వాటిల లోపట నీళ్లే రావు!

నీళ్లు లేని మరుగుదొడ్డికి తాళం పడుతది. ఎదిగిన ఆడపిల్ల ఇంటికాన్నే ఉండిపోతది. లెక్కల మాత్రం బడి పాసయితది.

అందుకే చెప్తున్న. వచ్చే ఆగస్టు 15న జెండా ఎగిరినంక, ప్రసంగం విన్నంక, మీ ఊరి బడికి పోయి నల్లా తిప్పి చూడుండ్రి.