విజయపురి యాత్ర

ఈ యేడు మన బాలబాలికలతో ఇక్ష్వాకుల రాజధానియైన విజయపురికి పోయి వచ్చితిమి. ఆ నగరము నేడు నాగార్జునసాగర జలములలో మునిగియున్నది. కొండల నడుమ పడవలో పోవుచు, రాజవీధులు మన క్రిందనే యున్నవని చెప్పితిమి. పిల్లలు నీటిలోనికి తొంగిచూచిరి.

నీరు నిండకమునుపే, 1954 నుండి 1960 వరకు త్రవ్వకములు జరిపి, కొన్ని కట్టడములను నాగార్జునకొండమీదను అనుపులోను మరల నిలిపిరి. అచ్చట 3వ శతాబ్దిలో సింహళ విహార ముండెనని శాసనము తెలుపుచున్నది. దూరదేశపు భిక్షువులకు చోటిచ్చిన నగరమది. మన పూర్వులకును ఈ సీమ అట్లే చోటిచ్చినది.

మోసినవారుండుటచేతనే ఆ రాళ్ళు తావు మారియు నిలిచినవి. తావు మారిన మన తెలుగును ఇంటింట మోయవలసినవారు తల్లిదండ్రులైన మీరే. బడి యొక్కటే మోయజాలదు.