పంచుకున్న డిజైను ఎవరిది?

(జైపూర్‌లో మహిళా సంఘాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ బొగ్గు ప్రాంతంలో ఉద్యోగమంటే ఎక్కువగా మగవాళ్లదే. 1952 గనుల చట్టం స్త్రీలను భూగర్భ గనుల్లో పనికి రానివ్వలేదు. 2019లో గాని షరతులతో సడలించలేదు. మన చేతికి మిగిలినవి కుట్టుమిషను, మగ్గం వర్కు, అల్లికలు. వాటిలో మన హక్కు ఏమిటన్నదే నేడు నా ప్రశ్న.

‘ఓపెన్ ఇన్నోవేషన్’ అనే మాటను అమెరికా ఆచార్యుడు హెన్రీ చెస్‌బ్రో 2003లో తన పుస్తకంతో ప్రచారంలోకి తెచ్చాడు. కొత్త ఆలోచనలను సంస్థలు బయటినుంచి తీసుకోవచ్చు, తమవి బయటికి ఇవ్వవచ్చు అన్నది దాని సారాంశం. మనకిది కొత్తా? పక్కింటామె జాకెట్టు మీది కుట్టు చూసి నేర్చుకుంటాం, మన ముడి ఒకటి కలిపి ఇంకొకరికి నేర్పుతాం. తేడా ఒక్కటే. కంపెనీలు ఒప్పందం రాసుకుని పంచుకుంటాయి, మనం రాసుకోం.

రాసుకోకపోతే ఏమవుతుందో నరసాపురం లేసు చెబుతుంది. అక్కడి స్త్రీలపై మారియా మీస్ పరిశోధన 1982లో పుస్తకంగా వచ్చింది. రోజూ గంటల తరబడి అల్లే వాళ్లను కార్మికులనలేదు, ఖాళీ సమయంలో అల్లుకునే గృహిణులన్నారు. పువ్వులు ఒకరు అల్లితే అతికేది మరొకరు, ఎగుమతి లాభం ఇంకెవరికో. 2024లో ఆ లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషమే. కాని అది ఊరి పేరును కాపాడుతుంది. ఏ పువ్వును ఎవరు కల్పించారో చెప్పదు, దానంతటదే కూలి పెంచదు.

డిజైను రిజిస్టరు చేయిస్తే? 2000 నాటి డిజైన్ల చట్టం 10 ఏళ్లు, పొడిగిస్తే మరో 5 ఏళ్లు హక్కు ఇస్తుంది. అయితే దరఖాస్తుకు ముందే లోకానికి చూపిన డిజైనుకు సాధారణంగా ఆ హక్కు రాదు. అందరికీ కనబడేలా ఫోనులో ఫొటో పెట్టినా ఆ దారి మూసుకుపోవచ్చు.

అలాగని దాచుకుందామనను. దాచుకుంటే పనే ఎండిపోతుంది. మనలో మనం ధారాళంగా పంచుకుందాం. ప్రతి సంఘంలో నమూనాల పుస్తకం పెట్టి గుడ్డముక్క, తేదీ, చేసినామె పేరు నమోదు చేద్దాం. బయటి వ్యాపారి, డిజైనరు వస్తే మాత్రం షరతులు కాగితం మీదే ఉండాలి: నమూనాకు పట్టిన రోజులకు కూలి, అమ్మిన ప్రతి ముక్కపై వాటా, చీటీ మీద సంఘం పేరు, వాళ్లు చేసిన మార్పులు మనకూ నేర్పడం.

షరతులు పెడితే ఆర్డరు పక్క ఊరికి పోతుందని మీ భయం. అది నిజమైన భయమే. అందుకే జైపూర్, మంచిర్యాల, గోదావరిఖని సంఘాలు ఒకే మాట మీద ఉండాలి. డిజైను పంచుకున్నట్టే ధరనూ కలిసి నిర్ణయించుకోవాలి.